పాఠం 17: నిద్ర – మన అనుభవాలు, సామాన్య సమస్యలు

17.1 పరిచయం

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు’ అనే సామెత మీరు వినే ఉంటారు. పగలంతా మూటలు మోసిన హమాలీ ధాన్యం బస్తాల మీదే ఒళ్ళు తెలియకుండా నిద్రపోతాడు. అదే ఊళ్ళో పరుపు మీద, ఫ్యాను కింద పడుకున్న మరొకరు తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లుతూనే ఉంటారు. సామెత నిజమైతే ఈ రెండో మనిషికి నిద్ర ఎందుకు పట్టడం లేదు?

ఈ ప్రశ్నకు మనం సాధారణంగా తొందరపడి జవాబు చెబుతాం. రాత్రి నిద్రపట్టని వారిని ‘ఊరికే ఆలోచిస్తూ ఉంటే నిద్ర ఎలా వస్తుంది?’ అంటాం. పగలు కునికిపాట్లు పడేవారిని ‘సోమరి’ అంటాం. ఈ రెండు మాటలూ నిందలే గాని కారణాలు కావు. నిద్ర సరిగా పట్టకపోవడం స్వభావదోషం కాదు. దానికి కారణం ఉంటుంది. ఓపికగా గమనిస్తే ఆ కారణం చాలావరకు దొరుకుతుంది. దొరికిన కారణాన్ని బట్టి అలవాటు మార్చుకోవాలా, డాక్టరును కలవాలా అన్నది తేల్చుకోవచ్చు.

మీలో చాలామంది పగలు పనిచేసి రాత్రిపూట చదువుకునేవారు. ఈ పాఠాన్ని కూడా మీరు ఇంటిల్లిపాదీ పడుకున్న తరువాతే తెరిచి ఉండవచ్చు. అందుచేత ఈ పాఠం మీకు పరీక్ష కోసమే కాదు, మీ సొంత అవసరం కోసం కూడా ఉపయోగపడుతుంది.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నిద్రలోని దశలను వివరించగలుగుతారు.
• నిద్ర రావడానికి తోడ్పడే రెండు కారణాలను చెప్పగలుగుతారు.
• నిద్రలేమి, నిద్రలో శ్వాస ఆగడం వంటి సమస్యల లక్షణాలను గుర్తించగలుగుతారు.
• ఏడు రోజుల నిద్ర పట్టికను తయారుచేసి, దాన్ని బట్టి మీ అలవాట్లను సరిచేసుకోగలుగుతారు.
• ఏ లక్షణాలు కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళాలో నిర్ణయించుకోగలుగుతారు.

17.3 నిద్ర అంటే ఏమిటి?

నిద్ర గురించి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. తూగు, మగత, కునుకు, కోడికునుకు, కలత నిద్ర, గాఢనిద్ర, ఒళ్ళు తెలియని నిద్ర. మన పెద్దలు ఏ యంత్రమూ లేకుండానే నిద్ర అంతా ఒక్క తీరుగా ఉండదని గమనించారు. ఆధునిక శాస్త్రం కూడా ఇదే చెబుతుంది.

మెదడులో పుట్టే సన్నని విద్యుత్ తరంగాలను యంత్రంతో నమోదు చేయవచ్చు. మనం నిద్రలోకి జారుకున్న కొద్దీ ఈ తరంగాల తీరు మారుతుంది. దాన్ని బట్టి నిద్రను నాలుగు దశలుగా విభజించారు.

(అ) తూగు: మెలకువకూ నిద్రకూ మధ్య ఉండే కొద్ది నిమిషాలు. ఈ దశలో లేపితే ‘నేను నిద్రపోలేదే’ అంటారు.
(ఆ) తేలిక నిద్ర: గుండె వేగం, శరీరపు వేడి తగ్గుతాయి. రాత్రి మొత్తంలో ఎక్కువ భాగం ఈ నిద్రే.
(ఇ) గాఢనిద్ర: లేపినా త్వరగా లేవలేని దశ. అలసట తీరడానికి, పిల్లల ఎదుగుదలకు ఇది ముఖ్యం. ఇది తొలిజాముల్లో ఎక్కువగా ఉంటుంది.
(ఈ) కలల నిద్ర: మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతాయి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఇది తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. ఈ దశను 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లీట్‌మన్ ప్రపంచానికి తెలియజేశారు.

ఈ దశలన్నీ ఒక చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. ఒక రాత్రిలో ఇటువంటి చుట్లు నాలుగు నుంచి ఆరు వరకు ఉంటాయి. చుట్టుకూ చుట్టుకూ మధ్య కొద్దిసేపు మెలకువ రావడం సహజం. పక్కకు ఒత్తిగిలి మళ్ళీ నిద్రపోతే ఆ మెలకువ తెల్లవారాక గుర్తుండదు. కాబట్టి రాత్రి ఒకటి రెండుసార్లు మెలకువ వచ్చినంత మాత్రాన అది జబ్బని భయపడనవసరం లేదు.

కలల నిద్రలో మరొక విశేషం ఉంది. ఆ సమయంలో ఊపిరి తీసే కండరాలు, కనుగుడ్ల కండరాలు తప్ప మిగిలిన కండరాలు దాదాపుగా పట్టు విడుస్తాయి. కలలో పరుగెత్తినా మన కాళ్ళు మంచం మీద కదలకపోవడానికి కారణం ఇదే. ఒక్కొక్కసారి మనసు ముందు మేలుకొని, ఒళ్ళు ఇంకా పట్టు విడిచిన స్థితిలోనే ఉండిపోతుంది. కళ్ళు తెరిచి ఉంటాయి, చెయ్యి కదలదు, గొంతు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు ఉంటుంది. దీన్నే కొందరు దయ్యం పట్టిందనుకుంటారు. నిజానికి ఇది కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాలలో దానంతట అదే పోతుంది. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ఈ అనుభవం మీకు కలిగి ఉంటే భయపడకండి. తాయెత్తు కన్నా వేళకు నిద్రపోవడం దీనికి మంచి మందు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1

ఖాళీలను పూరించండి.
1. నిద్రలోని దశలు ఒక చుట్టు తిరగడానికి సుమారు ______ నిమిషాలు పడుతుంది.
2. గాఢనిద్ర రాత్రి ______ ఎక్కువగా ఉంటుంది.
3. కలలో పరుగెత్తినా కాళ్ళు కదలకపోవడానికి కారణం ______.

17.4 నిద్ర ఎందుకు వస్తుంది?

నిద్ర రావడానికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఈ రెండింటినీ బాగా అర్థం చేసుకుంటే మిగిలిన పాఠమంతా సులభమవుతుంది.

మొదటిది నిద్ర అవసరం. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగిన కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోయినప్పుడు అది తగ్గిపోతుంది. దీన్ని ఆకలితో పోల్చవచ్చు. సాయంత్రం ఐదింటికి కడుపునిండా తిన్నవారికి రాత్రి భోజనం ఎలా సహించదో, సాయంత్రం గంటసేపు నిద్రపోయినవారికి రాత్రి నిద్ర అలాగే పట్టదు. టీ, కాఫీలలో ఉండే కెఫీన్ ఈ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. అంటే టీ నిద్ర అవసరాన్ని తీర్చదు, అది మనకు తెలియకుండా కప్పిపెడుతుంది. తాగిన కెఫీన్‌లో సుమారు సగం ఐదు గంటల తరువాత కూడా చాలామంది శరీరంలో మిగిలే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి తాగిన టీ అర్ధరాత్రి దాటాక కూడా ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు మీకు తెలిసింది కదా!

రెండవది శరీరంలోని గడియారం. సాయంత్రం చీకటి పడే వేళ చింతచెట్టును చూడండి. ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. తెల్లవారితే విచ్చుకుంటాయి. ఇది వెలుగు వల్లనే జరుగుతుందా? 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ద మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. ఎండ తగలకపోయినా ఆకులు వేళకు విచ్చుకొని, వేళకు ముడుచుకోవడం ఆయన గమనించాడు. అంటే వేళను తెలిపే ఏర్పాటు ప్రాణి లోపలే ఉంది. మనిషిలో ఈ గడియారం మెదడులో, కంటి నరాలు కలిసే చోటికి కొంచెం పైన ఉంటుంది. జీవకణాలలో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

మన లోపలి గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు. చాలామందిలో కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. దాన్ని ప్రతిరోజూ సరిచేసేది ఉదయపు వెలుగు. రాత్రి చీకటి పడ్డాక మెదడులోని ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేసి, రాత్రి అయిందని శరీరానికి తెలుపుతుంది. కళ్ళకు దగ్గరగా సెల్‌ఫోను వెలుగు ఉంటే ఈ కబురు ఆలస్యంగా అందవచ్చు.

పాఠం మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. తెల్లవారుజామునే లేచి, పగలంతా వెలుగులో ఒళ్ళు వంచిన హమాలీకి నిద్ర అవసరమూ నిండుగా ఉంది, గడియారమూ సరిగా ఉంది. పరుపు మీది మనిషికి ఈ రెండింటిలో ఒకటి గాని, రెండూ గాని దారి తప్పి ఉండవచ్చు.

17.5 ఎంత నిద్ర కావాలి?

ఆహారంతో పాటు నిద్రను కూడా శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతలలో ఒకటిగా చరక సంహిత చెప్పింది. ఇప్పటి వైద్యుల సూచనల ప్రకారం పెద్దలకు రోజుకు కనీసం 7 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వారికి 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. వయసు మళ్ళిన వారిలో నిద్ర తేలికవుతుంది, మెలకువలు పెరుగుతాయి. అంతమాత్రాన వారికి నిద్ర అవసరం లేదనుకోకూడదు.

గంటల లెక్క ఒక్కటే చాలదు. ఉదయం లేచాక ఒళ్ళు తేలికగా ఉందా? పగలు కూర్చున్న చోట కునుకు రాకుండా పని చేసుకోగలుగుతున్నారా? ఈ రెండు ప్రశ్నలకు ‘అవును’ అని చెప్పగలిగితే మీ నిద్ర బాగున్నట్లే.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2

ఒప్పు, తప్పులను గుర్తించండి.
1. టీ తాగితే శరీరానికి నిద్ర అవసరం తీరిపోతుంది.
2. లోపలి గడియారాన్ని రోజూ సరిచేసేది ఉదయపు వెలుగు.
3. వృద్ధులకు నిద్ర అవసరం ఉండదు.

17.6 నాలుగు అనుభవాలు

ఈ కింది అనుభవాలు మన ఇళ్ళలో, మన వీధుల్లో తరచుగా వినిపించేవే. సమస్యను గుర్తించడం నేర్చుకోవడానికి వీటిని ఉదాహరణలుగా ఇచ్చాం. ఒక్కొక్కటీ చదివి, కారణం ఏమై ఉంటుందో ముందు మీరే ఆలోచించండి.

అనుభవం 1: కుట్టుపని చేసే గృహిణి

‘నిరుడు మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదిహేను రోజులు నిద్ర లేదు. ఆమె కోలుకొని ఇంటికి వచ్చింది. నాకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. త్వరగా పడుకుంటే త్వరగా పడుతుందేమోనని తొమ్మిదింటికే మంచం ఎక్కుతాను. గోడ గడియారం పదకొండు కొట్టేదాకా వింటూనే ఉంటాను. మళ్ళీ ఒంటిగంటకు మెలకువ. మంచం చూస్తేనే భయం వేస్తోంది. పక్కింటి వదిన తన నిద్రమాత్ర ఒకటి ఇస్తానంటోంది.’

ఇది నిద్రలేమి. వారంలో మూడు లేక అంతకన్నా ఎక్కువ రాత్రులు, మూడు నెలలకు పైగా ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. ఈమె విషయంలో మొదటి కారణం దిగులు. అది తీరిపోయింది. నిద్రలేమి నిలిచిపోవడానికి కారణం మాత్రం తరువాత వచ్చిన అలవాటు. నిద్ర అవసరం నిండకముందే మంచం ఎక్కడం వల్ల ఆమె రోజూ రెండు గంటలు మెలకువగా పడుకుంటోంది. క్రమంగా మంచం అంటే మేలుకొని దిగులుపడే చోటు అని మనసుకు అలవాటైపోయింది. దీన్ని సరిచేసే పద్ధతి 17.8లో ఉంది. ఒకరికి రాసిన నిద్రమాత్ర మరొకరు వాడకూడదు. కొన్ని మాత్రలు అలవాటుగా మారి, మానేసినప్పుడు నిద్రను మరింత పాడుచేస్తాయి.

అనుభవం 2: లారీ డ్రైవరు

ఈయన పడుకున్న నిమిషానికే గురక మొదలవుతుంది. ఎనిమిది గంటలు నిద్రపోయినా ఉదయం తలనొప్పితో లేస్తాడు. రక్తపోటు ఉంది. గత నెలలో తెల్లవారుజామున స్టీరింగు మీద రెప్ప పడి లారీ రోడ్డు దిగింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. యజమాని ‘బద్ధకం’ అన్నాడు. భార్య మాత్రం మరొక సంగతి చెప్పింది: ‘ఆయన గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి ఆడుతోందా లేదా అని నేను లేచి చూస్తాను. ఇంతలో ఉక్కిరిబిక్కిరై పెద్దగా ఊపిరి తీస్తారు. నాకే నిద్ర ఉండదు.’

జబ్బును పట్టిచ్చినది ఆమె మాటే. నిద్రలో గొంతు కండరాలు వదులై, గాలి వెళ్ళే దారి మూసుకుపోవడం వల్ల శ్వాస పది సెకన్లు లేక అంతకన్నా ఎక్కువసేపు ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి ఊపిరి తీయిస్తుంది. ఒక రాత్రిలో ఇలా ఎన్నోసార్లు జరుగుతుంది. మనిషికి ఇది గుర్తుండదు గాని గాఢనిద్ర దక్కదు. వైద్యులు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. అధిక బరువు, సన్నని గొంతు దారి, మద్యం దీన్ని పెంచుతాయి. పిల్లల్లో టాన్సిల్స్ వాపు కూడా కారణం కావచ్చు. ఒక రాత్రి నిద్రను యంత్రాలతో పరీక్షించి దీన్ని నిర్ధారిస్తారు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం మేలు చేస్తాయి. జబ్బు ఎక్కువగా ఉన్నవారికి ముక్కు మీద తొడుగు ద్వారా గాలిని కొద్ది ఒత్తిడితో పంపే యంత్రం వాడతారు. ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ ప్రవేశపెట్టారు. గురకపెట్టే వారందరికీ ఈ జబ్బు ఉందని కాదు. గురకతో పాటు శ్వాస ఆగడం, పగటి నిద్ర ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు బండి నడపడం తనకూ ఎదుటివారికీ ప్రాణాపాయం.

అనుభవం 3: రాత్రి డ్యూటీ కాపలాదారు

‘వారం రాత్రి డ్యూటీ, వారం పగటి డ్యూటీ. రాత్రి డ్యూటీ నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తాను. రేకుల ఇల్లు. పదింటికి వేడి, పిల్లల గోల, కుక్కర్ కూతలు. నాలుగు గంటలు పడుకుంటే గొప్ప.’

ఈయన నిద్ర అవసరానికి లోటు లేదు. గడియారం మాత్రం ఎదురు తిరుగుతోంది. ఇంటికి వచ్చే దారిలో తగిలిన ఎండ ‘తెల్లవారింది, లే’ అని మెదడుకు చెబుతుంది. ఇటువంటివారు ఇంటికి వచ్చేటప్పుడు టోపీ, నల్ల కళ్ళజోడు పెట్టుకోవడం, గదికి మందపాటి గుడ్డ కట్టి చీకటి చేసుకోవడం, డ్యూటీ చివరి గంటల్లో టీ మానడం, సాయంత్రం డ్యూటీకి ముందు మరొకసారి కునుకు తీయడం మంచిది. ఇంటివారి సహకారం కూడా కావాలి. రాత్రి మనం పడుకున్నప్పుడు వీధి శబ్దాన్ని ఎలా సహించమో, ఆయన పగటి నిద్రకు కూడా అదే మర్యాద ఇవ్వాలి.

అనుభవం 4: నాట్లకు వెళ్ళే యువతి

‘నడుం వాల్చగానే పిక్కల్లో ఏదో పాకినట్లు, గుంజినట్లు ఉంటుంది. కాళ్ళు కదిపితే హాయి. ఆపితే మళ్ళీ మొదలు. లేచి వాకిట్లో నడుస్తాను. పగలు ఏమీ ఉండదు.’

ఆమె తల్లి ఇది పొలం పని అలసట అనుకుంది. అలసట నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే మొదలై, కదిలితే తగ్గుతుంది. తేడా గమనించండి. దీన్ని కాళ్ళ అశాంతి అనవచ్చు. శరీరంలో ఇనుము తక్కువైనవారిలో, గర్భిణులలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకు ముఖ్యకారణాలలో ఇనుము లోపం ఒకటి. అందుచేత ఈ లక్షణాలున్న స్త్రీలు రక్తపరీక్ష చేయించుకోవాలి. లోపం ఉందని తేలితే డాక్టరు సలహాపై ఇనుము మాత్రలు వాడాలి. ఆ మాత్రలను టీతో వేసుకోకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.3

1. నిద్రలో శ్వాస ఆగే జబ్బును ఇంట్లోవారు ముందుగా గుర్తించడానికి కారణం ఏమిటి?
2. అలసట వల్ల వచ్చే కాళ్ళ నొప్పికీ, కాళ్ళ అశాంతికీ తేడా రాయండి.

17.7 మీరే చేసి చూడండి: నిద్ర పట్టిక

మీ నోటు పుస్తకంలో ఒక పేజీకి గీతలు గీసి, ఏడు రోజులపాటు ఈ వివరాలు రాయండి.

1. మంచం ఎక్కిన సమయం
2. నిద్ర పట్టిన సమయం (ఉదయం లేచాక అంచనాగా రాయండి)
3. మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారు?
4. మంచం దిగిన సమయం
5. పగటి కునుకు: ఎప్పుడు, ఎంతసేపు?
6. చివరి టీ లేక కాఫీ ఎన్ని గంటలకు?
7. పగలు ఎలా ఉంది? (చురుకు / మామూలు / మగత)

రాత్రి గడియారం చూడకండి. అంచనా చాలు. మీ పక్కన పడుకునేవారిని గురక గురించి అడిగి అది కూడా రాసుకోండి. మన నిద్రకు మనం సాక్షులం కాలేం కదా!

ఇప్పుడు మొదటి అనుభవంలోని గృహిణి పట్టికను లెక్క కడదాం. ఆమె రాత్రి 9 గంటలకు మంచం ఎక్కి, ఉదయం 6 గంటలకు దిగింది. అంటే మంచం మీద 9 గంటలు. నిద్ర పట్టింది 11 గంటలకు. మధ్యలో 1 నుంచి 2 వరకు మెలకువ. కాబట్టి నిద్ర 6 గంటలు. మంచం మీద గడిపిన ప్రతి 100 నిమిషాలలో ఆమె నిద్రపోయింది సుమారు 67 నిమిషాలే. ఇది 85 లేక అంతకన్నా ఎక్కువ ఉండాలి.

17.8 నిద్రకు దారి వేయడం

నిద్రను బలవంతంగా రప్పించలేం. రమ్మని పిలిచిన కొద్దీ అది దూరమవుతుంది. అది వచ్చే దారిని మాత్రం శుభ్రం చేయగలం.

(1) లేచే వేళ మార్చకండి. రాత్రి నిద్ర ఎలా ఉన్నా, సెలవు రోజైనా ఒకే వేళకు లేవండి. లేచాక కొంతసేపు ఆరుబయట వెలుగులో ఉండండి. అన్ని నియమాలలోకి ఇది ముఖ్యమైనది.

(2) నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కండి. ఇరవై నిమిషాలు గడిచిందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి మరొక చోట కూర్చోండి. మసక వెలుతురులో బట్టలు మడతపెట్టడం వంటి తేలిక పని ఏదైనా చేయండి. నిద్ర వచ్చినప్పుడు తిరిగి పడుకోండి. అందరూ ఒకే గదిలో పడుకునే ఇంట్లో లేవడం వీలుకాకపోతే మంచం మీదే లేచి కూర్చోవడం కూడా మేలే.

(3) మంచం మీది సమయం తగ్గించండి. పైన చెప్పిన గృహిణి 9కి బదులు 11.30కి పడుకొని, 6కే లేవాలి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. నిద్ర చిక్కబడ్డాక వారానికి 15 నిమిషాల చొప్పున ముందుకు జరుపుకోవచ్చు. మూర్ఛ, తీవ్రమైన మానసిక జబ్బులు ఉన్నవారు, వాహనాలు నడిపేవారు డాక్టరును అడగకుండా ఈ పద్ధతి పాటించకూడదు.

(4) పగటి కునుకు మధ్యాహ్నం మూడు గంటలలోపు, అరగంటకు మించకుండా ఉండాలి. నిద్రలేమి ఉన్నవారు అది కూడా మానడం మంచిది.

(5) సాయంత్రం తరువాత టీ, కాఫీ, బీడీ, సిగరెట్టు వద్దు. మద్యం నిద్ర పట్టించినట్లే అనిపించి, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది.

(6) దిగుళ్ళకు వేరే వేళ కేటాయించండి. చీటీ డబ్బు, ఫీజు, అప్పు వంటివి సాయంత్రమే కాగితం మీద రాసి, రేపు చేయవలసిన పని ఒకటి పక్కన రాయండి. కాగితం మీద ఉన్నదాన్ని మనసు మోయనవసరం లేదు.

(7) పడుకునే చోటు చూసుకోండి. నిద్ర పట్టాలంటే శరీరపు వేడి కొంచెం తగ్గాలి. ఎండాకాలంలో పడుకునే ముందు స్నానం, డాబా మీద లేక ఆరుబయట మంచం, దోమతెర ఎంతో మేలు చేస్తాయి. శబ్దం విషయంలో చట్టం కూడా మీ పక్షాన ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు వాడటంపై నిషేధం ఉంది. ప్రభుత్వం పండుగల సందర్భంగా కొద్ది రోజులు మాత్రమే, అదీ అర్ధరాత్రి 12 వరకే సడలింపు ఇవ్వవచ్చు.

17.9 డాక్టరును ఎప్పుడు కలవాలి?

• నిద్రలో శ్వాస ఆగుతోందని ఇంట్లోవారు చెప్పినప్పుడు
• చాలినంతసేపు పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర వస్తున్నప్పుడు
• నిద్రలేమి మూడు నెలలు దాటినప్పుడు, లేక అలవాట్లు మార్చుకున్నా తగ్గనప్పుడు
• నిద్రలో లేచి నడవడం, కొట్టడం, కాళ్ళు చేతులు కొట్టుకోవడం ఉన్నప్పుడు
• వేకువకు ముందే మెలకువ వచ్చి, దేని మీదా ఆసక్తి లేక, బతుకు మీద విరక్తి కలుగుతున్నప్పుడు

చివరి లక్షణం మనోవ్యాకులతకు గుర్తు కావచ్చు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మీ ఏడు రోజుల పట్టికను వెంట తీసుకువెళ్ళండి.

17.10 చదువు – నిద్ర

పరీక్షల ముందు రాత్రంతా మేలుకొని చదవడం మనలో చాలామందికి అలవాటు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల వరసలను కంఠస్థం చేయించారు. కంఠస్థం చేశాక నిద్రపోయినప్పుడు, అంతే సమయం మేలుకొని ఉన్నప్పుడు ఎన్ని గుర్తున్నాయో పోల్చి చూశారు. నిద్ర తరువాతే ఎక్కువ గుర్తున్నాయి. తరువాతి పరిశోధనలు కూడా పగలు నేర్చుకున్నది నిద్రలోనే మెదడులో కుదురుకుంటుందని చూపాయి.

కాబట్టి చదివిన తరువాత నిద్రపోయిన సమయం వృథా కాదు. అది కూడా చదువులో భాగమే. పని ముగించుకొని రాత్రి రెండు గంటలు చదవగలిగితే కష్టమైన పాఠాన్ని ముందు చదవండి. కళ్ళు మూతలు పడుతున్నప్పుడు అదే వాక్యాన్ని మూడోసారి చదువుతుంటే పుస్తకం మూసేయండి. ఆ వాక్యం ఉదయం ఒక్కసారికే అర్థమవుతుంది.

17.11 సారాంశం

నిద్రలో తూగు, తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర అనే దశలున్నాయి. నిద్ర అవసరం, శరీరంలోని గడియారం కలిసి నిద్రను తెస్తాయి. నిద్రలేమి, నిద్రలో శ్వాస ఆగడం, డ్యూటీ వేళల మార్పు వల్ల వచ్చే ఇబ్బంది, కాళ్ళ అశాంతి సామాన్యమైన సమస్యలు. వీటిలో కొన్ని అలవాట్లతో సరిపోతాయి, కొన్నింటికి వైద్యం కావాలి. ఏది ఏదో తేల్చుకోవడానికి నిద్ర పట్టిక సాయపడుతుంది. నిద్ర చెడినవారిని నిందించడం కన్నా వారి నిద్రను గమనించి చెప్పడం మేలైన సహాయం.

17.12 పాఠాంత ప్రశ్నలు

1. నిద్ర రావడానికి తోడ్పడే రెండు కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. లారీ డ్రైవరు అనుభవంలో యజమాని అన్న మాట, భార్య చెప్పిన మాట – ఈ రెండింటి మధ్య తేడాను మీ మాటల్లో రాయండి.
3. మీ ఏడు రోజుల నిద్ర పట్టికను బట్టి మీరు మార్చుకోదలచిన ఒక అలవాటును, దానికి కారణాన్ని పది వాక్యాలలో రాయండి.

17.13 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1: 1. 90. 2. తొలిజాముల్లో. 3. కలల నిద్రలో కండరాలు పట్టు విడవడం.
17.2: 1. తప్పు. 2. ఒప్పు. 3. తప్పు.
17.3: 1. శ్వాస ఆగడం నిద్రపోయే వారికి గుర్తుండదు. పక్కన ఉన్నవారు గమనించగలరు. 2. అలసట నొప్పి పడుకుంటే తగ్గుతుంది. కాళ్ళ అశాంతి పడుకుంటే మొదలై, కదిలితే తగ్గుతుంది.

మీ జవాబులను సరిచూసుకున్నారా? రాత్రి ఆలస్యమై ఉంటే పాఠాంత ప్రశ్నలు రేపు రాయవచ్చు. నిద్ర పట్టికలో మొదటి గడి నింపడం మాత్రం మరచిపోకండి.